ప్రాణవాయువునకు హద్దు గీచిన వారి చరిత్ర

తెలుగున ఈ వాయువునకు రెండు పేర్లు కలవు. పాఠశాలలో ఆమ్లజని యని చదివితిమి. ఇంటిలోను ఆసుపత్రిలోను ప్రాణవాయువు అనుచున్నాము. మొదటిది ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే పెట్టిన గ్రీకు పేరునకు సరియైన తెలుగు. ఆమ్లములన్నింటికి ఈ వాయువే పుట్టినిల్లని ఆయన తలచెను. ఆ తలంపు సరికాదని పిమ్మట తేలినది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ఈ వాయువు లేనే లేదు. అయినను పేరు నిలిచిపోయినది. రెండవ పేరు మన మనస్సునకు మిక్కిలి దగ్గరిది. ఆ పేరు విన్నంతనే, ఇది యెంత యున్న అంత మేలని తోచును. 2021వ సంవత్సరమున కోవిడ్ రెండవ విడతలో సిలిండర్ల కొరకు జనులు పడిన పాట్లు చూచినవారికి ఈ భావము మరింత దృఢపడి యుండును. కాని మితి మించిన అమృతమును విషమే యన్న పెద్దల మాట ఈ వాయువునకు అక్షరాల చెల్లును. ఆ మితి యెంత, దానిని ఎవరు, ఎట్లు కనుగొనిరి అనునదే ఈ వ్యాసము.

సాంస్కృతిక సంచికలో ఇట్టి విషయమేల యని చదువరులు అడుగవచ్చును. అందుకు రెండు కారణములు కలవు. మన వారు తరతరాలుగా నివసించుచున్న రాష్ట్రములలో సముద్రగర్భమును చూచు వేడుక నేడు పెరిగినది. కర్ణాటకమున నేత్రాణి ద్వీపము, మహారాష్ట్రమున మాల్వణ్ తీరము, పుదుచ్చేరి, విశాఖపట్టణమున ఋషికొండ, ఈ చోట్లనెల్ల వీపున సిలిండరు కట్టుకొని యువతీ యువకులు నీటి అడుగునకు దిగుచున్నారు. వారిలో మన పిల్లలును కలరు. రెండవ కారణము, ఈ చరిత్రలో ఒక ప్రధాన పురుషుని జీవితము మేము నివసించు ఒడిశాలోనే ముగిసినది. ఆయన దేహము యానామునకు పొరుగుననున్న కాకినాడకు చేరినది. ఆ కథ మన వారిలో చాలమందికి తెలియదు.

ముందుగా లెక్క తెలిసికొందము. మనము పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లు, నత్రజని 78 పాళ్లు, తక్కినవి స్వల్పము. సముద్రపు ఒడ్డున మనపై నున్న గాలి బరువును ఒక వాతావరణ పీడనము అందురు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు మరియొక వాతావరణ పీడనము చేరును. 10 మీటర్లవద్ద 2, 20 మీటర్లవద్ద 3, 30 మీటర్లవద్ద 4. నీటిలో మునిగినవాడు ఊపిరి పీల్చవలెనన్న, సిలిండరునుండి వచ్చు గాలియు అంతే పీడనముతో రావలయును. మిశ్రమములోని ప్రతి వాయువును తన పాలికి వచ్చిన పీడనమును మాత్రమే చూపునని ఇంగ్లండు దేశపు డాల్టను కనుగొనెను. దీనిని పాక్షిక పీడనము అందురు. 30 మీటర్లవద్ద సామాన్యపు గాలిలోని ఆమ్లజని పాక్షిక పీడనము 4ను 0.21తో గుణింపగా వచ్చు 0.84. దేహమునకు నూటికి ఇన్ని పాళ్లు అను లెక్క తెలియదు. ఈ పాక్షిక పీడనము ఒక్కటే తెలియును. ఈ ఒక్క సూత్రము గ్రహించిన తక్కిన కథ అంతయు సులభము.

ఈ వాయువును 1774లో వేరుచేసి పరీక్షించిన ప్రీస్ట్లీయే దాని చెడుగును కూడ ఊహించెను. అందులో కొవ్వొత్తి మిక్కిలి ప్రకాశముగ వెలిగి త్వరగా కరగిపోవుట చూచి, ఆరోగ్యవంతుడు దీనినే పీల్చినచో అతని ఆయువును అట్లే త్వరగా తరగునేమో యని 1775లో వ్రాసెను. అది ఊహ మాత్రమే. దానిని రుజువు పరచినవాడు ఫ్రాన్సు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు పాల్ బేర్. ఆయన 1878లో వాయుపీడనముపై ఒక మహాగ్రంథమును ప్రచురించెను. భరతపక్షులను ఉక్కు గదిలో నుంచి పీడనమును పెంచగా, ఒక మేరకు పిమ్మట అవి మూర్ఛవచ్చి గిలగిల కొట్టుకొని మరణించెను. వానిని చంపినది పీడనము కాదు, పీడనముచే పెరిగిన ఆమ్లజని యని ఆయన నిరూపించెను. మెదడును నరములను తాకు ఈ విషప్రభావమునకు నేటికిని ఆయన పేరే కలదు. 1899లో స్కాట్లండు దేశపు లోరెయిన్ స్మిత్ రెండవ ప్రమాదమును కనిపెట్టెను. మూర్ఛ రప్పించునంతటి పీడనము లేకున్నను, దీర్ఘకాలము పీల్చినచో ఊపిరితిత్తులు వాచునని ఆయన ఎలుకలపై పరీక్షించి చూపెను. ఒకటి కొద్ది నిమిషములలో మెదడును పట్టునది. రెండవది గంటలమీద ఊపిరితిత్తులను పట్టునది. నేటి హద్దులన్నియు ఈ రెండింటిని ఉద్దేశించినవే.

చిత్రమేమనగా, బేర్ గ్రంథము వెలువడిన 1878లోనే ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ అనునాతడు పరిశుద్ధమైన ఆమ్లజనిని మరల మరల పీల్చుకొను పరికరమును నిర్మించెను. సెవర్న్ నది క్రింద రైలు సొరంగము త్రవ్వుచుండగా నీరు ముంచెత్తినది. 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అను డైవరు ఆ పరికరమును ధరించి, వేయి అడుగులకు పైగా చీకటి సొరంగములో నీట నడచి, లోపలి ఇనుప తలుపును మూసి వచ్చెను. ఆ సాహసమునకు లోకము జేజేలు పలికినది. ఆ మనుష్యులు ఎంతటి అపాయపుటంచున నడచిరో ఆనాడు ఎవరికిని బోధపడలేదు. ఫ్రెంచి పండితుని పుస్తకమునకును ఇంగ్లీషు పనివాని చేతికిని నడుమ ఇంకను అరువది యేండ్ల దూరము కలదు.

ఈ నడుమ నత్రజని సంగతియు తేలినది. లోతున నత్రజని రక్తమాంసములలో కరగి, మనుష్యుడు తొందరగా పైకి వచ్చినచో బుడగలై కీళ్లను నరములను పీడించును. దీనికి మెట్టుమెట్టుగా పైకి రావలసిన పట్టికలను 1908లో తయారుచేసినవారు జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరులు. ఈ హాల్డేన్ కుమారుడే మా కథానాయకుడు, జే. బి. ఎస్. హాల్డేన్. 1892లో జన్మించిన ఈయన బాల్యముననే తండ్రి పరిశోధనలకు పనిముట్టయ్యెను. ఒకమారు గనిలో తండ్రి ఈయనను నిలువబెట్టి షేక్‌స్పియర్ నాటకములోని ఆంటొనీ ప్రసంగమును చదువుమనెను. చదువుచుండగనే కాళ్లు తేలి బాలుడు క్రింద కూలెను. నేలపై గాలి బాగుండుటచే తేరుకొనెను. గనిలోని మండు వాయువు తేలికయై పైన నిలుచునని ఆ బాలునకు ఇక నెవ్వరును చెప్పనక్కర లేకపోయినది.

1939 జూన్ 1వ తేదీన థెటిస్ అను క్రొత్త బ్రిటిషు జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతమున మునిగినది. లోపలనున్న 103 మందిలో నలుగురు మాత్రమే బయటపడిరి. 99 మంది మరణించిరి. మృతులలో పలువురు నౌకాదళమువారు కారు, నౌకను కట్టిన పనివారు. కార్మిక సంఘముల పక్షమున ఆ మరణముల కారణమును విచారించుటకు హాల్డేన్ పూనుకొనెను. జంతువులతో పరీక్షించిన చాలదనియు, జంతువు తనకేమి తోచుచున్నదో చెప్పజాలదనియు ఆయన నమ్మకము. కనుక స్పెయిన్ అంతర్యుద్ధమున పోరాడి వచ్చిన నలుగురితో కలసి తానే ఉక్కు గదిలో మూతపడి కూర్చుండెను. యుద్ధకాలమున ఆ పరీక్షలను కొనసాగించి, ఎక్కువ పీడనముగల ఆమ్లజనిని తాను పీల్చుచు, సహచరులచేత పీల్పించుచు వచ్చెను. తరువాత ఆయన భార్యయైన హెలెన్ స్పర్వే వారిలో ఒకరు. ఈ పరీక్షలలో హాల్డేన్‌కు పలుమార్లు మూర్ఛలు వచ్చినవి. ఒక మూర్ఛలో వెన్నుపూసలు నలిగినవి. ఆ నొప్పి జీవితాంతము వదలలేదు. చెవిగూబలు చిల్లులుపడగా, ఇక చెవినుండి పొగచుట్ట పొగను వదలవచ్చునని నవ్వుచు చెప్పుకొనెను. రుచిలేని వాయువని గ్రంథములు చెప్పు ఆమ్లజనికి ఎక్కువ పీడనమున రుచి కలదనియు ఆయన గమనించెను.

ఆ కాలముననే మరియొక గొప్ప పరిశోధన జరిగినది. బ్రిటిషు నౌకాదళము శత్రునౌకలకు రహస్యముగా మందుపాతరలు తగిలించుటకు మనుష్యులను పంపుచుండెను. సామాన్యపు గాలి పీల్చినచో బుడగలు పైకి తేలి శత్రువునకు తెలియును. పరిశుద్ధ ఆమ్లజనితో పనిచేయు పరికరమున బుడగలుండవు. కాని శిక్షణలోనే మనుష్యులు స్పృహతప్పుచుండిరి. దీనిని తేల్చుటకు నౌకాదళపు వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ 1942 మొదలు 1945 వరకు రెండువేలకు పైగా మునుకలు వేయించి పరీక్షించెను. ఫలితములు 1947లో ప్రకటింపబడినవి. అంతకు పూర్వము అమెరికాలో బెంకే మున్నగువారు పొడి గదిలో 3 వాతావరణముల ఆమ్లజనిని సుమారు మూడు గంటలు ఓర్చుకొనవచ్చునని చూచియుండిరి. నీటిలో ఆ మాట చెల్లదని డొనాల్డ్ కనుగొనెను. నీట మునిగినచో ఓర్పు తగ్గును. శ్రమపడినచో ఇంకను తగ్గును.

అన్నిటికంటె భయము గొల్పు సంగతి మరియొకటి. ఒకే మనుష్యుని 90 రోజులలో 20 దినములు ఒకే లోతున, అనగా 70 అడుగులవద్ద, పరీక్షించిరి. ఒకనాడు 7 నిమిషములకే విషలక్షణములు కనబడినవి. మరియొకనాడు 148 నిమిషముల వరకు ఏమియు కాలేదు. మనిషి అతడే, లోతు అదే, వాయువు అదే. నిన్న తాళినాడు గనుక నేడును తాళును అను వాదమునకు ఈ ఒక్క పరీక్ష చాలును. పరిశుద్ధ ఆమ్లజనితో 25 అడుగులు దాటరాదని డొనాల్డ్ నిర్ణయించెను. ఎవరెంత ఓర్వగలరను దానిపై హద్దు గీయక, ఎవరికిని హాని కలుగని చోట గీయవలెనను సూత్రము ఇచ్చట పుట్టినది.

ఈ విషము దేహములో ఎట్లు పనిచేయును? 1954లో రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు దీనికి సమాధానము సూచించిరి. ఎక్స్ కిరణములు దేహమును ఏ తీరున చెరచునో ఎక్కువైన ఆమ్లజనియు అదే తీరున చెరచునని, రెండింటను మిక్కిలి చురుకైన అణుశకలములు పుట్టి కణములను తినివేయునని వారు చెప్పిరి. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడొవిచ్ అను ఇద్దరు ఆ శకలములను అణచు ఎంజైము మన రక్తకణములలోనే యున్నదని కనుగొనిరి. అనగా 21 పాళ్ల ఆమ్లజనితో బ్రతుకుటకే దేహము అనుదినము కాపలా కాచుకొనుచున్నది. కాపలాకు మించి వచ్చినపుడు ఇల్లు దోపిడి యగును.

ఇక నేటి వేడుక డైవింగు సంగతి. నత్రజని బాధ తగ్గవలెనన్న గాలిలో దాని పాలు తగ్గించి ఆమ్లజని పాలు పెంచవచ్చును. ఇట్టి గాలికి నైట్రాక్స్ అని పేరు. బ్రిటిషు నౌకాదళము యుద్ధకాలముననే ఇట్టి మిశ్రమములను వాడినది. దీనిని పౌరశాస్త్రజ్ఞుల పనికి తెచ్చినవాడు అమెరికా సముద్ర వాతావరణ సంస్థకు చెందిన మోర్గన్ వెల్స్. నూటికి 32 పాళ్ల ఆమ్లజని గల మిశ్రమమునకు పట్టికలు ఆ సంస్థ 1979 గ్రంథమున వెలువడినవి. ఆ సంస్థలోనే పనిచేసిన డిక్ రట్‌కౌస్కీ 1985లో దీనిని వేడుక డైవర్లకు నేర్పసాగెను. 30 మీటర్లవద్ద 32 పాళ్ల గాలి పీల్చువాడు, నత్రజని లెక్కన సుమారు 24 మీటర్ల లోతున నున్నట్లే. ఇది లాభము. ఖర్చు ఆమ్లజని పద్దున పడును. 30 మీటర్లవద్ద దాని పాక్షిక పీడనము 1.28 అగును, 40 మీటర్లవద్ద 1.6 అగును.

ఈ ఖర్చునకు పద్దు వ్రాయు విధానమును ఆ సంస్థ 1991 గ్రంథమున ప్రకటించినది. పాక్షిక పీడనము 1.6 అయినచో ఒక మునుకకు 45 నిమిషములు, దినమునకు 150 నిమిషములు. 1.5 అయినచో 120, 180. 1.4 అయినచో 150, 180. 1.3 అయినచో 180, 210. 1.2 అయినచో 210, 240. 1.0 అయినచో మునుకకును దినమునకును 300 నిమిషములు. చదువరులు ఒక వింతను గమనింపుడు. 1.4 నుండి 1.5కు పోవుటకు 30 నిమిషములే తరగినవి, 1.5 నుండి 1.6కు పోవునప్పటికి 75 నిమిషములు ఒక్కమారుగ తరగినవి. కొండ అంచు ఎచ్చట నున్నదో ఈ అంకెలే చెప్పుచున్నవి. అందుచేతనే 1990ల నుండి శిక్షణ సంస్థలు పనిచేయు లోతునకు 1.4ను హద్దుగా పెట్టి, 1.6ను కదలక విశ్రాంతిగ నిలుచు సమయమునకో ఆపద్ధర్మమునకో విడిచినవి. 1.4 హద్దున 32 పాళ్ల గాలితో సుమారు 33 మీటర్లు, 36 పాళ్ల గాలితో సుమారు 28 మీటర్లు దిగవచ్చును. పరిశుద్ధ ఆమ్లజనితో 1.6 హద్దునకు 6 మీటర్లే.

మేము ఉద్యోగకాలమంతయు పద్దుపుస్తకములతో గడపినవారము గనుక ఈ లెక్క మాకు ఇంపుగా తోచినది. 1.4 పీడనమున 45 నిమిషములు గడపినవాడు 150లో 45, అనగా నూటికి 30 వంతులు ఖర్చు వ్రాసికొనవలయును. అదే దినమున 1.2 పీడనమున 42 నిమిషములు గడపినచో 210లో 42, అనగా మరి 20 వంతులు. మొత్తము 50. జాగరూకులు 80 వంతులు దాటనీయరు. ఊపిరితిత్తులకు వేరు పద్దు కలదు. ఒక వాతావరణ పీడనముగల ఆమ్లజనిని ఒక నిమిషము పీల్చుట ఒక యూనిట్టు, 0.5కు లోబడినది లెక్కకు రాదు. దీనిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లాంబర్ట్‌సన్ బృందము 1970 ప్రాంతమున రూపొందించినది. పిమ్మట హామిల్టన్ అను పరిశోధకుడు తొలిదినమునకు 850 యూనిట్లు, చాలదినములు వరుసగా దిగువారికి దినమునకు 300 యూనిట్లు అని సూచించెను. దినమున రెండు మూడు మునుకలు వేయు వేడుకకారుని మొదటి పద్దే అడ్డగించును; రెండవది నీట దీర్ఘకాలము పనిచేయువారికి ముఖ్యము.

అయితే పద్దుపుస్తకమునకును ఈ పట్టికకును ఒక భేదము కలదు. పద్దున నిలువ యున్నచో డబ్బు యుండి తీరును. పట్టికలో నిలువ యున్నంత మాత్రమున ప్రాణమునకు పూచీ లేదు. 7 నిమిషముల నాడును 148 నిమిషముల నాడును ఒకే మనుష్యునకు వచ్చినవని మరువరాదు. శ్రమ, చలి, ఊపిరి బిగబట్టుటచే రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగుట, ఇవి యెల్ల హద్దును దగ్గరకు లాగును. చూపు సన్నగిల్లుట, చెవులలో హోరు, వికారము, పెదవులు అదరుట, చిరాకు, తలత్రిప్పుట ముందుగా కనబడవచ్చును. ఏదియు కనబడకయే మూర్ఛ రావచ్చును. ఒడ్డున వచ్చిన మూర్ఛ చాలవరకు తేరుకొనునదే. నీటిలో నోటి గొట్టము జారిపోవును. మనుష్యుడు మునిగి మరణించును. చంపునది విషము కాదు, నీరు.

1991 ప్రాంతమున నైట్రాక్స్‌పై పెద్ద వివాదము రేగినది. దానిని దయ్యపు వాయువని నిందించినవారును కలరు. కొంత కాలమునకు భయము తగ్గి, బ్రిటిషు సబ్ ఆక్వా క్లబ్బు 1995లోను, పాడి అను ప్రసిద్ధ శిక్షణ సంస్థ 1996లోను దీనిని అంగీకరించినవి. వాయువు మారలేదు, నియమములు స్థిరపడినవి. సిలిండరునకు ఆకుపచ్చ పసుపు పట్టీ యుండవలెను. దిగువాడు తానే స్వయముగ మీటరుతో ఆమ్లజని పాలు కొలిచి, ఆ అంకెను, దిగదగిన లోతును సిలిండరుపై వ్రాయవలెను. ఎవరో నింపినారు, ఎవరో చూచినారు అను మాట పనికిరాదు.

ఇక హాల్డేన్ చివరి కథ. సూయజ్ కాలువపై బ్రిటను దాడిని నిరసించుచు ఆయన 1957లో భార్యతో మన దేశమునకు వచ్చి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణగారు అచ్చట ఆయన శిష్యులై, తరువాత ఆయన చరిత్రను రచించిరి. హాల్డేన్ భారత పౌరసత్వము స్వీకరించి, 1962లో ఒడిశా ప్రభుత్వ సహాయముతో భువనేశ్వరమున జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పెను. క్యాన్సరు సోకగా దానిపై హాస్యపద్యము వ్రాసి పంపినాడు. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరముననే కన్నుమూసెను. బ్రతికియుండగా తన దేహము పరిశోధనకును బోధనకును ఉపయోగపడినదనియు, మరణించిన పిమ్మట తనకు దానితో పనిలేదు గనుక ఇతరులు వాడుకొనవలసినదనియు మరణశాసనము వ్రాసియుండెను. ఆ ప్రకారము దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు పంపిరి. ఆ కళాశాల స్థాపింపబడి అప్పటికి ఆరేండ్లే. ఉక్కు గదిలో మూర్ఛలు పడి నలిగిన దేహము తెలుగు విద్యార్థులకు చివరి పాఠము చెప్పినది.

మన పిల్లలను సముద్రమునకు పోవద్దని మేము చెప్పము. కడలి లోపలి వింతలు చూడదగినవే. ఇంటినుండి బయలుదేరునపుడు పెద్దలు ఒక్క ప్రశ్న అడుగవలయును: "నీ సిలిండరులో ఆమ్లజని ఎంత పాలు? దానితో ఎంత లోతు దిగవచ్చును?" పిల్లవాడు వెంటనే అంకె చెప్పినచో సంతోషముతో పంపవచ్చును. చెప్పలేకున్నచో, నేర్చుకొని మరుసటి ఏడు పొమ్మనుట మేలు. 1.4 అను ఆ చిన్న అంకె వెనుక భరతపక్షుల ప్రాణములు, నౌకాదళపు యువకుల మూర్ఛలు, ఒక పండితుని వెన్నుపూసలు కలవు. అంత వెలపెట్టి కొన్న హద్దును ఊరక దాటుట తెలివి గాదు.